గవర్నమెంట్ బడి మాన్పించి ఇంట్లో చదివించాలంటే: విజయవాడ, గుంటూరు అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మా పెద్దవాణ్ని అయిదో తరగతి అయ్యాక మున్సిపల్ స్కూలు నుంచి తెచ్చుకుని ఇంట్లోనే చదివిస్తున్నాను. ఇది మూడో ఏడు. మా చిన్నది మాత్రం అదే స్కూలుకు హాయిగా వెళ్లొస్తోంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి సత్యనారాయణపురంలో కూరగాయల బండి దగ్గరా, గుంటూరులో చుట్టాల పెళ్లిలో భోజనాల బంతిలోనూ, రాత్రి పదింటికి ఫోన్లోనూ అవే అనుమానాలు. కొందరికి సగం చెప్పి, కొందరికి మర్చిపోయి, తర్వాత బాధపడ్డాను. అందుకే అడిగినవి అడిగినట్టే పెట్టి, తెలిసినంత వరకు జవాబులు రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## నిర్ణయం తీసుకునే ముందు

బడికి పంపకపోతే మా మీద కేసు పెడతారా?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే జరిమానా అని గానీ, జైలు అని గానీ ఆ చట్టంలో లేదు. అలాగని ఇంటి చదువుకు పర్మిషన్ ఇచ్చే ఆఫీసూ లేదు, పేరు నమోదు చేసే రిజిస్టరూ లేదు. చట్టం దీన్ని పేరు పెట్టి ఒప్పుకోలేదు, పేరు పెట్టి శిక్షించనూ లేదు. పిల్లాడు నిజంగా చదువుతున్నాడని ఎవరు వచ్చి అడిగినా చూపించగలగాలి. మన ధైర్యమంతా అదే.

ఇంట్లో పెట్టి పని చేయించడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెడితే బాలకార్మిక చట్టం కింద శిక్ష ఉంది. సొంత కొట్లో సాయమైనా బడి వేళలు అయ్యాక, సెలవుల్లో మాత్రమే అని 2016 సవరణ చెబుతుంది. కొట్లో కూర్చోబెట్టి దానికి హోమ్‌స్కూలింగ్ అని పేరు పెట్టకండి.

మావాడు బడికి వెళ్లనని రోజూ ఏడుస్తున్నాడు. మాన్పించేయమంటారా?

వెంటనే వద్దు. ముందు ఏడుపు ఎక్కడిదో తెలుసుకోండి. బోర్డు కనపడక ఏడ్చే పిల్లలున్నారు, కళ్లజోడుతో పోతుంది. తెలుగులో చదువుకుని ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియంలో కూర్చున్న పిల్లలున్నారు. మా వీధిలో ఒక పాప రెండు నెలలు కడుపునొప్పి అంది. డాక్టర్ల చుట్టూ తిరిగారు. చివరికి వాళ్ల అమ్మమ్మ పక్కన పడుకోబెట్టుకుని అడిగితే చెప్పింది: బాత్రూం తలుపుకు గడియ లేదట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు కూడా తాగకుండా బిగబట్టుకుని ఉంటోంది. పేరెంట్స్ కమిటీలో చెప్పారు, గడియ పెట్టించారు, పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి.

కొడుతున్నారనో, అవమానిస్తున్నారనో తెలిస్తే అది సర్దుకుపోయే విషయం కాదు. శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. హెడ్మాస్టర్ వినకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరకు వెళ్లండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. బడి మార్చినా చాలా సమస్యలు తీరతాయి.

మావాడి సంగతి వేరు. అక్షరం అక్షరం వేలు పెట్టి కూడబలుక్కునేవాడు. వాడు ఒక వాక్యం పూర్తి చేసేలోపు క్లాసు పేజీ తిప్పేసేది. వాళ్ల టీచరు మంచావిడే, ఆవిడే చాలాసార్లు సాయంత్రం ఆపి చదివించేది. అయినా వాడికి కావలసినంత టైము ఆ గదిలో దొరకలేదు. ఇంటికి తెచ్చుకోవడానికి కారణం అదొక్కటే. మీ కారణాన్ని కూడా అలా ఒక్క ముక్కలో చెప్పగలిగితే ముందుకు వెళ్లండి. చెప్పలేకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి.

గవర్నమెంట్ బడి నుంచి తీసేస్తే ఏమేం పోతాయి?

ఇది చాలామంది అడగరు. అడగాల్సింది ఇదే.

తల్లికి వందనం డబ్బులు ఆగిపోతాయి. 15,000 పథకంలో తల్లి ఖాతాలో పడే 13,000 బడిలో పేరు, 75 శాతం హాజరు ఉన్న పిల్లలకే. మధ్యాహ్న భోజనం, గుడ్డు, చిక్కీ, యూనిఫాం, బూట్లు, పుస్తకాల కిట్టు, బడికొచ్చి చేసే ఆరోగ్య పరీక్షలు, అన్నీ పోతాయి. కూలి మీద బతికే ఇంటికి ఇది చిన్న లెక్క కాదు. రోజూ ఒక పూట భోజనం బడిలో జరుగుతున్న పిల్లాడికి ఆ పూట ఇంట్లో ఏం పెడతారో ముందే అనుకోండి.

అంతకన్నా పెద్ద నష్టం తర్వాత తెలుస్తుంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ గవర్నమెంటు, ఎయిడెడ్ బడుల పిల్లలకే. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది. నవోదయలో ఆరో తరగతి సీటుకు, అదే జిల్లాలో గుర్తింపు ఉన్న బడిలో అయిదో తరగతి చదువుతూ ఉండాలి. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి మార్కులతో ఇస్తారు, అందులో ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం కలుపుతారు. ఆ నాలుగు శాతంతోనే సీటు తెచ్చుకున్న పిల్లలు మన రెండు జిల్లాల్లో ఎంతోమంది. మీ పిల్లకు ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉంటే, చదువులో చురుగ్గా ఉంటే, నేనైతే బడి మాన్పించవద్దనే చెబుతాను.

నేను పదో తరగతే చదివాను, ఇంగ్లిష్ రాదు. నేను చెప్పగలనా?

అయిదో తరగతి దాకా ధైర్యంగా చెప్పగలరు. పిల్లాడి పక్కన కూర్చుని మీరూ నేర్చుకోవడానికి సిద్ధపడితే ఎనిమిది దాకా నడిపించొచ్చు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఉంటాయి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. అవి ముఖ్యంగా మనలాంటి అమ్మల కోసమే అచ్చు వేశారా అనిపిస్తుంది నాకు. తెలియనిది అడిగితే "నాకు తెలీదు నాన్నా, వెతుకుదాం" అనండి. తప్పు చెప్పి కప్పిపుచ్చుకోవడం కన్నా అది ఎంతో మేలు.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. కుదురుతుందా?

పగలు ఇంట్లో బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు ఒకరు లేకపోతే కుదరదు. షిఫ్టులు మార్చుకుని చేసేవాళ్లు ఉన్నారు, తాతగారు చూసుకునే ఇళ్లున్నాయి. ఫోను చేతికిచ్చి తాళం వేసి వెళ్లడం చదువు కాదు.

ఆడపిల్లను ఇంట్లో ఉంచి చదివిస్తే తప్పా?

తప్పు కాదు, కానీ కాపలా కావాలి. కాపలా పిల్లకు కాదు, ఆమె టైముకు. ఇంట్లో ఉన్న మగపిల్లాణ్ని "చదువుకుంటున్నాడు, కదిలించకు" అంటారు. ఇంట్లో ఉన్న ఆడపిల్లను "కాస్త ఆ అంట్లు చూడమ్మా, తమ్ముణ్ని ఎత్తుకో, పొయ్యి మీద పాలు చూడు" అంటారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, అలవాటు అంతే. మూడు నెలల్లో ఆ పిల్ల ఇంటి పనిమనిషి అయిపోతుంది, ఏడాదిలో సంబంధాలు చూడటం మొదలవుతుంది. బడి మానిన ఆడపిల్ల చదువుకు ఉన్న పెద్ద ప్రమాదం ఇదే.

పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా పిల్లను ఏ పనికీ పిలవకూడదని ఇంట్లో అందరి ముందు అనుకోండి. నాన్నమ్మ కూడా, నాన్న కూడా, చుట్టాలొచ్చినా సరే. ఆ మాట మీద నిలబడలేని ఇల్లయితే పిల్లను బడికే పంపండి. బడి ఆమెకు చదువుతోపాటు రక్షణ కూడా.

అత్తగారు, మామగారు ససేమిరా అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

వాళ్లది మొండితనం కాదు, భయం. ఒకప్పుడు బడి మానేసినవాడంటే పొలానికో, హోటల్ పనికో పోయినవాడే. పదో తరగతి పరీక్ష రాయొచ్చని, సర్టిఫికెట్ వస్తుందని మొదట చెప్పండి. తర్వాత "ఆరు నెలలు చూద్దాం అత్తయ్యా, కుదరకపోతే జూన్‌లో మళ్లీ చేర్చేద్దాం" అని గడువు పెట్టండి. మామగారికి ఏదో ఒకటి అప్పజెప్పండి. మా మామగారు రోజూ పేపర్లో ఒక వార్త మనవడితో పైకి చదివిస్తారు. ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లకు ఆయనే మా తరఫున జవాబు చెబుతున్నారు.

మా పాప దివ్యాంగురాలు, బడికి తీసుకెళ్లలేకపోతున్నాం. మాకూ ఇదేనా దారి?

కాదు, మీకు ఇంతకంటే మంచి దారి ఉంది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును విద్యా హక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. బడిలో పేరు అలాగే ఉంటుంది. సమగ్ర శిక్ష తరఫున మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడి ప్రత్యేక టీచర్లు ఇంటికి కూడా వస్తారు. టీసీ తీసుకోకండి. హెడ్మాస్టర్ దగ్గరకో, ఎంఈఓ ఆఫీసుకో వెళ్లి ఇంటి దగ్గర చదువు కావాలని రాసివ్వండి.

## బడి నుంచి బయటకు వచ్చేటప్పుడు

టీసీ తీసుకోవాలా? ఊరికే పంపడం మానేస్తే చాలదా?

తీసుకోండి. చెప్పకుండా మానేస్తే రిజిస్టర్లో పేరు ఉంటుంది, పక్కన నెలల తరబడి గైర్హాజరు పడుతుంది, ఆ తర్వాత బడి మానేసిన పిల్లల జాబితాలోకి ఎక్కుతుంది. టీచర్లకూ అది తలనొప్పే, వాళ్లను పైనుంచి అడుగుతారు. ప్రైమరీ బడిలో అయితే టీసీ బదులు రికార్డ్ షీట్ ఇస్తారు. చేతికిచ్చాక అక్కడే నిలబడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌తో పోల్చి చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పదో తరగతి అప్లికేషన్ దగ్గర ప్రాణం తీస్తుంది.

ఏ స్కూల్లో చేరుస్తారో చెబితేనే టీసీ ఇస్తామంటున్నారు. ఏం చేయాలి?

మాకూ ఇదే ఎదురైంది, మూడుసార్లు తిప్పారు. వాళ్ల కోణం కూడా అర్థం చేసుకోవాలి: పిల్లాడు ఏ బడికీ వెళ్లకపోతే ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్సులో, అంటే ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలో, ఉండిపోతాడు, అందుకు జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరే. వేరే బడిలో చేరే పిల్లలకు వెంటనే టీసీ ఇవ్వాలని చట్టం అయిదో సెక్షన్‌లో ఉంది, కానీ ఇంట్లో చదివే పిల్లాడి మాట అందులో లేదు. కాబట్టి గొడవ పడి లాభం లేదు.

నేను నాలుగోసారి వెళ్లినప్పుడు తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్లాను: "మా అబ్బాయిని ఈ తేదీ నుంచి ఇంటి వద్ద మా బాధ్యతపై చదివించి, వయసు వచ్చాక ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయిస్తాము." రెండు కాపీలు. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకున్నాను. ఆ కాగితం ఆయన చేతిలో పడ్డాక ఆయన టెన్షన్ తగ్గింది. అదే వారం టీసీ ఇచ్చారు. చివరికి ఆయనే, "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకురామ్మా" అన్నారు.

ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలి?

పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, టీసీ లేదా రికార్డ్ షీట్, చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్, ప్రోగ్రెస్ కార్డులు. బడి రికార్డుల్లో పిల్లాడికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యలు, అంటే పెన్ నంబరు, అపార్ నంబరు రాసుకోండి, మళ్లీ బడిలో చేర్చేటప్పుడు వాటితోనే వెతుకుతారు. కుల ధ్రువపత్రం ఇంకా తీయించకపోతే బడిలో ఉండగానే తీయించడం సులువు. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి, ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్ నగర్‌లో ఎన్ని ఇళ్లలో సర్టిఫికెట్లు నాని ముద్దయ్యాయో మన విజయవాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

వార్డు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి అడిగితే ఏం చెప్పాలి?

వస్తారు, రావాలి కూడా. బడి మానేసిన పిల్లల్ని వెతికి మళ్లీ చేర్పించడం వాళ్ల పని, వాళ్లు రాకపోతే కూలికి పోతున్న పిల్లల్ని ఎవరు పట్టించుకుంటారు? కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి నోటు పుస్తకాలు చూపించండి. తేదీ వేసి రాసిన నోట్సు, చదివిన పుస్తకాల జాబితా, బడికి ఇచ్చిన ఉత్తరం కాపీ ఉంటే చాలు. మా ఇంటికి వచ్చిన అమ్మాయి మావాడితో ఒక పేజీ చదివించుకుని వెళ్లింది.

ఏ నెలలో మాన్పిస్తే మంచిది?

ఏప్రిల్ పరీక్షలు రాయించి, ఆ తరగతి పూర్తయినట్టు కాగితం తీసుకున్నాక. మధ్యలో మాన్పిస్తే ఆ ఏడాదికి ఏ ఆధారమూ మిగలదు. పిల్లాడు మరీ నలిగిపోతుంటే మాత్రం నెలలు చూడొద్దు.

## మొదటి నెలలు

టైంటేబుల్ ఎలా వేసుకోవాలి?

మొదటి రోజే వేయకండి. నేను వేసి దెబ్బతిన్నాను. తొమ్మిదింటికి తెలుగు, తొమ్మిదీ నలభైకి లెక్కలు అని చార్టు గీసి ఫ్రిజ్‌కు అంటించాను. అలారం పెట్టాను. పన్నెండో రోజున లెక్కల పుస్తకం కనపడలేదు. ఇల్లంతా వెతికాం. సాయంత్రం వంటకు బియ్యం తీయబోతే డబ్బాలో గిద్ద చేతికి తగలక ముందే అట్ట తగిలింది. లోపలికంటా దూర్చి, పైన బియ్యం చదును చేసి పెట్టాడు. వాణ్ని ఏమీ అనలేకపోయాను. ఏ గదిలో వాడికి ఊపిరాడలేదో అదే గదిని ఇంట్లో కట్టాను నేను. చార్టు పీకేశాను.

బడి అలవాటు వదలడానికి పిల్లలకు టైము పడుతుంది. చదివిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల అని హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్లు ఒక అంచనా చెబుతారు. మావాడికి అటూ ఇటూగా అంతే పట్టింది. ఆ రోజుల్లో కథలు చదివి వినిపించడం, వంటింట్లో పక్కన పెట్టుకోవడం, సాయంత్రం ఆట, అంతే చాలు. రెండో నెలలో వాడే వచ్చి, "అమ్మా, నిన్నటి కథ నేను చదువుతా" అన్నాడు.

రోజుకు ఎన్ని గంటలు చదివించాలి?

బడులకే చట్టం పెట్టిన లెక్క చూడండి: అయిదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, 800 గంటలు. అంటే రోజుకు నాలుగు గంటలు, అదీ క్లాసంతటికీ కలిపి. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. ఒక్క పిల్లాడి పక్కన ఒక్క మనిషి కూర్చుంటే చిన్న తరగతులకు రెండు గంటలు, పెద్ద తరగతులకు మూడు గంటలు నిండుగా సరిపోతాయి. మిగతా పగలు ఖాళీగా ఉందని భయపడకండి.

బడి మానాక రోజంతా ఫోనే. ఏం చేయను?

ఫోను ఇంటిది, పిల్లాడిది కాదు అని మొదట్లోనే తేల్చండి. పాఠం వీడియో అయినా హాల్లో, అందరికీ కనపడేలా చూడాలి. నాన్న అన్నం తింటూ రీల్స్ చూసే ఇంట్లో ఈ రూలు నిలవదు, మేము ఇద్దరం మానాకే మావాడు తగ్గించాడు.

## చదువు నడుస్తున్నప్పుడు

ఏ పుస్తకాలు కొనాలి?

మన రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాలతో మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, దీక్షా యాప్‌లో పాఠాల వీడియోలూ ఉన్నాయి. కేంద్రం వేసే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పక్కన ఉంచుకుంటే ఎన్‌ఐఓఎస్‌కు (జాతీయ ఓపెన్ స్కూల్‌కు) వెళ్లేటప్పుడు పనికొస్తాయి. కథల పుస్తకాలకు మాత్రం వెనకాడొద్దు. విజయవాడలో రామ్మోహన గ్రంథాలయం, ఠాగూర్ గ్రంథాలయం ఉన్నాయి. గుంటూరులో జిల్లా గ్రంథాలయం ఉంది. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు తిరగండి, జనవరిలో పుస్తక మహోత్సవానికి ఒక్కరోజు కాదు, రెండు రోజులు వెళ్లండి. పిల్లాడు ఎంచుకున్న పుస్తకమే కొనండి, మనం ఎంచినది అలమరలో ఉండిపోతుంది.

లెక్కలు, సైన్సు ఇంట్లో ఎలా చెప్పాలి? ల్యాబ్ లేదు కదా.

మన ఊళ్లే ల్యాబు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అని టీవీలో చెబుతుంటే మావాడు, "క్యూసెక్కు అంటే ఎంతమ్మా?" అన్నాడు. నాకూ తెలీదు. వెతికితే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, దాదాపు 28.3 లీటర్లు అని తెలిసింది. మా స్నానాల బకెట్టు 20 లీటర్లది. వాడు మగ్గుతో కొలిచి కొలిచి పోశాడు: ఒక బకెట్టు నిండి, రెండోది సగం దాకా వచ్చింది. "ఇది ఒక్క సెకనుకా?" అన్నాడు. తర్వాత దాన్ని 11.43 లక్షలతో గుణించడానికి కూర్చున్నాడు. పెద్ద అంకెలంటే పారిపోయే పిల్లాడు ఆ సాయంత్రం సున్నాలు లెక్కపెట్టుకుంటూ అన్నం మర్చిపోయాడు. నీళ్లు తగ్గాక బ్యారేజీ మీద నడుస్తూ 70 గేట్లూ లెక్కపెట్టాడు. ఇది 1957లో కట్టారు, అంతకుముందు 1855 నాటి ఆనకట్ట ఉండేది, ఎన్నేళ్లు పనిచేసినట్టు అని వాళ్ల తాతయ్య ఇంకో లెక్క ఇచ్చారు.

గుంటూరు వాళ్లకు మిర్చి యార్డు ఉంది. మా అన్నయ్య అక్కడ కమీషన్ కొట్లో గుమాస్తా. సీజన్లో ఒకరోజు మేనల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని 12 టిక్కీల (మిర్చి బస్తాల) తూకం చీటీ ఇచ్చాడు. మొత్తం 504 కిలోలు. "క్వింటాలు ధర ఇది, మరి పైన నాలుగు కిలోలకు రైతుకు ఎంత ఇవ్వాలిరా?" దశాంశాలు ఎందుకో వాడికి అప్పుడు తెలిసింది. ఆ నాలుగు కిలోల డబ్బు తప్పు వేస్తే ఎదురుగా నిలబడ్డ మనిషి నష్టపోతాడు.

ఉప్పలపాడు చెరువులో గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూపించండి. ఉండవల్లి గుహలు, అమరావతి మ్యూజియం, కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కే చోటు, ఇవన్నీ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చే దూరమే. 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మలకు, ఆడపిల్లలకు టికెట్టు లేదు. తొమ్మిదో తరగతి స్థాయికి వచ్చాక ప్రాక్టికల్స్ నిజంగా కావాలి, అప్పుడు తెలిసిన సైన్సు టీచర్ సాయం తీసుకోండి.

స్నేహితులు ఉండరు కదా? మొద్దులా తయారవుతాడేమో?

ఈ భయం నిజమే, దానంతట అదే తీరదు. బడిలో ఉన్నప్పుడు స్నేహితులు వాళ్లే దొరుకుతారు, ఇంట్లో ఉంటే మనం వెతకాలి. మావాడికి పాత బడి స్నేహితులే ఇప్పటికీ స్నేహితులు, సాయంత్రం అయిదింటికి గల్లీలో క్రికెట్. ఆట మీద ఇష్టముంటే విజయవాడలో దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం, గుంటూరులో బృందావన్ గార్డెన్స్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియం ఉన్నాయి. స్కూల్ గేమ్స్‌లో బడి తరఫునే ఆడాలి, ఇంట్లో చదివే పిల్లాడు జిల్లా సంఘాల పోటీల మీద ఆధారపడాలి. వారంలో నాలుగు రోజులైనా తోటి పిల్లలతో గడపకపోతే ఆ ఏర్పాటు మార్చుకోండి.

చదువు వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు నెలలకోసారి కొత్త పుస్తకంలో ఒక పేజీ పైకి చదివించి ఫోన్లో రికార్డు చేయండి. పాత రికార్డింగ్ పక్కన పెట్టి వినండి. అలాగే తేదీ వేసి ఒక పేజీ సొంతంగా రాయించండి, ఆ తరగతి పుస్తకంలోంచి పది లెక్కలు ఇవ్వండి. ఆరు నెలలకు కూడా తేడా కనపడకపోతే మొహమాటపడకుండా బయట టీచరుకు చూపించండి. అమ్మ కంటికి పిల్లాడు ఎప్పుడూ బాగానే కనిపిస్తాడు, అందుకే రెండో కన్ను కావాలి.

## పదో తరగతి, ఆపైన

పదో తరగతి పరీక్ష ఎలా రాయాలి?

మన పిల్లలకు ముఖ్యంగా రెండు దారులు. ఒకటి కేంద్ర ప్రభుత్వపు ఎన్‌ఐఓఎస్, 1989 నుంచి నడుస్తోంది. రెండోది మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ఏపీ ఓపెన్ స్కూల్ అంటారు, ఆఫీసు గుంటూరులోనే ఉంది. రెండింటిలోనూ పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, ఇంటర్‌కు 15. ఎన్‌ఐఓఎస్‌లో చేరడానికి కింది తరగతుల సర్టిఫికెట్ అడగరు, చదవగలనని సొంత ధ్రువీకరణ, పుట్టిన తేదీ ఆధారం చాలు. అయిదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. తెలుగు మీడియంలో రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరుల్లో పరీక్షలు. అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు. ఒక్కసారే అన్నీ రాయలేని పిల్లలకు ఇది ఎంత ఊరటో చెప్పలేను.

రెండింటిలో ఏది మంచిది?

ఇంటర్‌కు, డిగ్రీకి ఇక్కడే ఉంటే, స్టడీ సెంటర్ దగ్గర్లో కావాలంటే ఏపీ ఓపెన్ స్కూల్. వేరే రాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉంటే ఎన్‌ఐఓఎస్. మేము ఎన్‌ఐఓఎస్ వైపు మొగ్గుతున్నాం, మావాడికి రెండు మూడు విడతల్లో రాసే వెసులుబాటు కావాలి కాబట్టి. ఏ దారిలో వెళ్లినా అప్లికేషన్ మీరే స్వయంగా పెట్టండి. "పాస్ గ్యారంటీ" అని బోర్డు పెట్టిన చోటికి వెళ్లొద్దు.

ఓపెన్ టెన్త్ అంటే విలువ ఉంటుందా? ఇంజనీరింగ్, మెడిసిన్ రాయనిస్తారా?

ఎన్‌ఐఓఎస్ జాతీయ బోర్డు, ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరొచ్చు, ఎన్‌ఐఓఎస్ ఇంటర్‌తో జేఈఈ రాయొచ్చు. మెడిసిన్ విషయంలో ఒకప్పుడు అడ్డంకి ఉండేది. ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయకూడదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, జాతీయ మెడికల్ కమిషన్ కూడా ఒప్పుకోవడంతో 2024లో సుప్రీంకోర్టులో ఆ వివాదం ముగిసింది. సైన్సు తీసుకునే పిల్లలు ప్రాక్టికల్స్ తప్పకుండా చేయాలి. కొన్ని కార్పొరేట్ కాలేజీల్లో కౌంటర్ దగ్గర మొహం చిట్లిస్తారు, అది నిబంధన కాదు.

స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే లోకల్ సీటు ఎలా వస్తుంది?

చాలామందికి కౌన్సెలింగ్ రోజున గుర్తొచ్చే విషయం ఇది. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు. మన రెండు ఊళ్లూ ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. మామూలుగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు చూపిస్తారు. ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్లు అదే నాలుగేళ్లు ఇక్కడ నివసించినట్టు చూపాలి. అంటే తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. రేషన్ కార్డు, ఆధార్ చిరునామా, అద్దె అగ్రిమెంట్లు, కరెంటు బిల్లులు ఏడాదికి కొన్ని చొప్పున దాచుకోండి. అద్దె ఇళ్లు మారేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

## మళ్లీ బడికి

కుదరకపోతే మళ్లీ గవర్నమెంట్ బడిలో చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. బడికి దూరమైన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్. సంవత్సరం మధ్యలో వచ్చారని, వయసు కాగితం లేదని వెనక్కి పంపకూడదు. ఎంట్రన్స్ పరీక్ష పెట్టకూడదు. ఇది 14 ఏళ్ల దాకా, ఎనిమిదో తరగతి లోపు. తొమ్మిదిలో నేరుగా చేరడం కష్టమవుతుంది, అందుకే వెనక్కి పంపాలన్న ఆలోచన ఉంటే ఎనిమిదిలోనే పంపేయండి.

తిరిగి పంపడం ఓడిపోవడం కాదు. కృష్ణలంకలో నాకు తెలిసిన ఒకావిడ ఏడాదిన్నర చెప్పింది, తర్వాత రెండో కాన్పు వచ్చింది, కుదరలేదు. నవంబరులో బాబును తీసుకుని పాత బడికే వెళ్లింది. హెడ్మాస్టర్ పెన్ నంబరు వెతికి, తెలుగు వాచకంలో ఒక పాఠం చదివించుకుని, ఏడో తరగతి గదికి తీసుకెళ్లారు. రెండో బెంచీలో పాత స్నేహితుడు పక్కకు జరిగి చోటిచ్చాడు.